ఉప్పు తగలని శనివారాలు

మా నాయిన పళ్లెం పక్కన ఎప్పుడూ ఒక ఉప్పురాయి ఉండేది. కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నదానితో దానికి సంబంధం లేదు. జొన్నరొట్టె తుంచి, ఉల్లిగడ్డ కొరికి, ఆ రాయిని నాలుకకు తాకించి, అప్పుడు కూర దిక్కు చూసేవాడు. ఆ రాయి పెట్టడం మరిచిపోతే అరిచేవాడు కాదు. పళ్లెం ముందు చేతులు కట్టుకుని కూర్చునేవాడు, ఎవరికి ఎప్పుడు గుర్తొస్తుందో చూద్దామని. నా కోపం ఆయన నుంచి వచ్చిందేనని మావాళ్లంతా అంటారు. కాదనను. కాకపోతే నేను చేతులు కట్టుకుని కూర్చునే రకం కాదు, నోరు విప్పే రకం.

మాది గద్వాల దగ్గర, ధరూర్ దిక్కున, కృష్ణ ఒడ్డుకు కొంచెం ఎడంగా ఉన్న ఊరు. నల్లరేగడి చేలు. ఇంట్లో ముగ్గురమే: నాయిన, అమ్మ, నేను. నాకు ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. నేను చెప్పబోయే ఏడు నాకు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. పెళ్లయింది గాని ఇంకా కాపురానికి పంపలేదు. అత్తగారి ఊరు ఏటికి ఆవల, వనపర్తి వైపు. ఆ రోజుల్లో అంతే, పెళ్లి ఒకప్పుడు, కాపురం ఇంకొకప్పుడు.

నాకు మూడేళ్లప్పుడు జ్వరం వచ్చి కళ్లు తేలేశానట. ముందు పోయిన ఇద్దరూ అట్లాగే పోయారు. అమ్మ నన్ను ఒళ్లో వేసుకుని కురుమూర్తి స్వామికి మొక్కింది. ఈ ఒక్కదాన్ని నాకు ఉంచు తండ్రీ, శనివారం శనివారం ఉప్పు ముట్టను, రొట్టె ముట్టను అని. జ్వరం దిగింది. ఇంకేముంది, ఆనాటి నుంచి శనివారం వచ్చిందంటే అమ్మకు ఒక్కపొద్దు. ఈ సంగతి నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ చెబుతూనే ఉన్నారు. నేను ఏదైనా మొండికేస్తే చాలు, "నీకోసం నేను ఉప్పు మానేస్తి, నువ్వు ఒక్క మాట ఇనవు" అనేది అమ్మ.

ఒక్కపొద్దు అంటే కడుపు మాడ్చుకోవడం అనుకునేరు. మా దిక్కు లెక్క వేరు. ఉప్పు తగిలితేనే తిన్నట్టు. ఉప్పు తగలనిది పలారం. పలారం తిండి కిందికి రాదు. జొన్నలు పేలాలు చేసి విసిరి బెల్లం కలిపిన పేలపిండి, నిప్పుల్లో కాల్చిన మొరంగడ్డలు, అదే చిలగడదుంపలు, బెల్లం వేసిన పాలు, సంతలో దొరికితే అరటిపండ్లు. ఇవన్నీ కడుపులోకి పోయాక కూడా సాయంత్రం ఎవరన్నా "తిన్నవా వదినె" అని అడిగితే, "యాడ తిన్న, ఇయ్యాల ఒక్కపొద్దు" అనేది అమ్మ. అందులో అబద్ధం లేదు. అడిగిన ఆమె కూడా శుక్రవారమో సోమవారమో అదే మాట అనేది.

నాయిన మాత్రం జన్మలో ఒక్కపొద్దు ఉన్నవాడు కాదు. శివరాత్రికి కూడా చాటుగా రొట్టె తినేవాడు. ఎవరన్నా అడిగితే, "నేను తినకపోతే దేవునికేం కడుపు నిండుతదా" అనేవాడు.

జొన్న కోతలు అయ్యాక చేలో కొయ్యకాళ్లు మిగులుతాయి, మేకుల్లాగా. ఆ ఏడు అమ్మ కుడికాలి బొటనవేలి పక్క వేలికి ఒకటి దిగింది. కొయ్యకాలు గుచ్చుకోని కాలు మా ఊళ్లో లేదు. పసుపు అద్దితే నాలుగు రోజుల్లో ఎండిపోతుంది. అమ్మది ఎండలేదు. ఉగాది పోయింది, ఎండలు ముదిరాయి, పుండు అట్లాగే పచ్చిగా ఉంది. మనిషి చిక్కిపోసాగింది. నీళ్లు తాగడానికి కూర్చుంటే చెంబు కాదు, కడవ దగ్గర పెట్టుకోవలసిందే. పొద్దున దొడ్లో ఆమె కూర్చుని లేచిన చోట చీమలు బారు కట్టడం నేనే చూశాను. చెబితే అమ్మ కసిరింది. "చీమలు యాడ ఉండయ్, పోయి పేడ ఎత్తు" అంది.

ఆ కాలు మీద ఎంత ఆధారపడి ఉన్నామో చెప్పాలి. రేగడి చేలో జొన్న విత్తేది ఆడవాళ్లే. ముందు నాయిన గొర్రుకు ఎడ్లను కట్టి తోలేవాడు. గొర్రు మీద గిన్నెలాంటి కొయ్య ఉంటుంది, జడ్డిగం అంటారు, దాని కింద వెదురు గొట్టాలు. వెనక అమ్మ ఒడినిండా గింజలు కట్టుకుని, పిడికిట్లోంచి వేళ్ల సందున ఆ జడ్డిగంలోకి జారవిడుస్తూ నడిచేది. చెయ్యి తడబడితే ఒకచోట గుంపుగా మొలుస్తాయి, ఇంకోచోట బోడిగా ఉంటుంది. కాలు ఆగితే సాలు చెడుతుంది. విత్తే చేలో చెప్పులు తొడగరు. అమ్మ చేతి విత్తనం దువ్వెనతో దువ్వినట్టు మొలుస్తుందని చుట్టుపక్కల చేలవాళ్లు కూడా మొదటి పిడికెడు ఆమెతోనే వేయించుకునేవాళ్లు. అమ్మకు ఆ గర్వం ఉండేది. నగల మీద లేదు, చీరల మీద లేదు, ఆ నడక మీద ఉండేది.

నాయిన బండి కట్టి గద్వాల దవాఖానకు తీసుకుపోయాడు. నేను వెంట పోయాను. అక్కడి డాక్టరు హైదరాబాదు దిక్కు నుంచి వచ్చినాయన, తెలుగులో సగం ఉర్దూ కలిపి మాట్లాడేవాడు. అమ్మ మూత్రం సీసాలో పట్టించి, గాజు గొట్టంలో నీలంరంగు మందులో నాలుగు చుక్కలు వేసి దీపం మీద కాచాడు. నీలం పచ్చగా మారింది, పచ్చ పసుపయింది, చివరికి ఇటుక రంగు తిరిగింది. మంచి మనిషిదైతే నీలంగానే ఉంటుందట.

"శక్కర్ బీమారి" అన్నాడు. "వరన్నం బంద్, బెల్లం బంద్, శక్కర్ బంద్. జొన్నరొట్టె తినాలె, చిన్నది. ఆకుకూర తినాలె, మజ్జిగ తాగాలె."

నాయినకు నవ్వొచ్చింది. "వరన్నం మాకు పండుగకే సారు. మేం తినేదే జొన్నరొట్టె. మీరు చెప్పిన మందు మా గాదెనిండ ఉంది."

డాక్టరు నవ్వలేదు. పుండు వైపు చూపించి, వేలు కొసన నల్లబడుతోందని, ఆ నలుపు పాదంలోకి దిగితే మోకాలి కింద కాలు తీసెయ్యవలసి వస్తుందని చెప్పాడు. సూదిమందు ఒకటి ఉందట గాని రోజూ పొడవాలట, అది హైదరాబాదులో ఉండి చేయించుకునే పని. "పుండు మానేది తిండి మీదనే ఉంది" అన్నాడు. దారిలో ఊరు కనబడ్డాక అమ్మ, "కాలు లేకుంటే గొర్రు ఎనక ఎవరు నడుస్తరు" అంది. ఎవరినీ అడిగినట్టు లేదు. నాయిన ఎడ్లను అదిలించాడు.

ఆ రోజు నుంచి మా వంటిల్లు మారిపోయింది. అమ్మ రొట్టె అరచెయ్యంత అయింది. పచ్చిపులుసులో బెల్లం ముక్క పోయింది. పొద్దున తోటకూర, మధ్యాహ్నం పుంటికూర, దొరికితే గంగవాయిలి కూర. ఉలవలు కాచిన చారు. ఎవరింట్లో పెళ్లయినా అమ్మ తన రొట్టె మూటగట్టుకుని పోయేది. బంతిలో అందరి విస్తరిలో వరన్నం, పాయసం, ఆమె విస్తరిలో నల్లగా ఆ రొట్టె. "మా బువ్వ ముట్టకపోతివి, మేం ఏం తక్కువ చేసినం" అని ఒక పెళ్లివారామె మూతి ముడిచింది. నేను ఊరుకోలేదు. "కాలు పోతే నువ్విస్తవా" అన్నాను. అమ్మ నా తొడ మీద గిచ్చింది, ఆ నొప్పి వారం ఉంది. కాని అమ్మ చలించలేదు. రుచి కోసం ఏడ్చిన మనిషి కాదామె. డాక్టరు చెప్పినదానికంటే ఎక్కువే చేసింది.

ఎక్కువే చేసింది, అదే ముంచింది. తిండి తగ్గిస్తే పుండు మానుతుంది అన్నాడు కదా డాక్టరు. అసలు తినకపోతే ఇంకా తొందరగా మానుతుంది కదా అనుకుంది. శనివారానికి తోడు కాలు కోసమని సోమవారం ఒక్కపొద్దు పట్టింది. అయినా మానలేదని గురువారం కూడా పట్టింది. వారానికి మూడు రోజులు అమ్మ ఏమీ తినడం లేదని మేం ముగ్గురం నమ్మాం. నేనైతే జాలిపడి, పేలపిండిలో బెల్లం రవ్వంత ఎక్కువే దంచి కలిపేదాన్ని.

నాగర్‌కర్నూల్ దిక్కు నుంచి వచ్చే వైద్యుడొకాయన నేరేడుగింజల పొడి ఇచ్చాడు, తేనెలో రంగరించి నాకమని. నల్లమల నుంచి తెచ్చానని పొడపత్రి ఆకు కూడా ఇచ్చాడు. ఆ ఆకు నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. అమ్మ అది నమిలాకే పలారం తినేది. "బెల్లం తిన్నట్టే లేదు, మన్ను తిన్నట్టుంది" అనేది తృప్తిగా. నాలుకకు తెలియకపోతే ఒంటికి కూడా తెలియదనుకున్నాం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మృగశిర వచ్చేసరికి ఆ వేలు మొదలుదాకా నల్లబడింది.

దవాఖానకు మేం ఎప్పుడూ బుధవారం పోయేవాళ్లం. ఒక వారం డాక్టరు ఉండడని, శనివారం రమ్మని కబురొచ్చింది. పోయాం. గొట్టంలో మందు ఇటుక రంగు తిరిగింది, మొదటిసారి కంటే ముదురుగా.

"పొద్దున ఏం తిన్నవమ్మా" అన్నాడు డాక్టరు.

"ఏం తినలే సారు. ఇయ్యాల ఒక్కపొద్దు."

"నిన్న?"

"చిన్న రొట్టె, పుంటికూర."

"మొన్న?"

"మొన్న గూడ ఒక్కపొద్దే."

ఆయన తల గోక్కున్నాడు. నావైపు చూశాడు, అబద్ధమాడుతోందా అన్నట్టు. నాకు మండింది. "మా అమ్మ ఒకసారి చెప్తే అది రాతి మీద గీతే" అన్నాను. సరే, కట్టు మారుస్తారు, బయట కూర్చోండి అన్నాడు.

వరండాలో గోడకు చేరబడి కూర్చున్నాం. ఎండ నెత్తికెక్కింది. అమ్మ ఆకు నమిలి, కొంగు మూట విప్పి పేలపిండి అరచేతిలో పోసుకుంది. పొయ్యి ఊదినప్పుడు బూడిద ఎగరకుండా చెయ్యి అడ్డం పెట్టుకుంటామే, అట్లా చెయ్యి అడ్డం పెట్టుకుని తింటోంది. అప్పుడే డాక్టరు బయటికొచ్చాడు. నిలబడిపోయాడు.

"ఏం తినలేదంటివి గదమ్మా."

"తినలేదు సారు" అంది అమ్మ, నోట్లో పిండి సర్దుకుంటూ.

"మరి చేతిల ఏంది?"

"పలారం." ఆమెకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. పెద్దమనిషి చూస్తుండగా తానొక్కతే తినడం బాగుండదనుకుందేమో, మూట ఆయన ముందుకు జరిపింది. "జర తీసుకో సారు. పేలపిండి, మంచిగుంటది."

ఆయన నిజంగానే చిటికెడు తీసుకుని నోట్లో వేసుకున్నాడు. "దీంట్ల బెల్లం ఎంత?"

"సగానికి సగం" అన్నాను నేను. దంచేది నేనే కదా.

డాక్టరు వరండా అరుగు మీద మా పక్కనే కూర్చున్నాడు. వారంలో ఏ రోజు ఏం తింటుందో నన్ను అడిగాడు. చెప్పాను. మొరంగడ్డలు, పాలు బెల్లం, అరటిపండ్లు, వైద్యుడి తేనె. చెబుతూ చెబుతూ నా గొంతు దానంతటదే తగ్గిపోయింది. ఒక్కొక్కటి నోటితో బయటికి అంటుంటే నాకే వినిపించింది, అన్నీ తీపే. ఆయన కోప్పడలేదు. గద్వాల వీధుల్లో ఏ ఇంట్లో చూసినా మగ్గమే, ఆ ఊరి మాటే చెప్పాడు. "నాలుగు రోజులు నేస్తున్నవ్, మూడు రోజులు పోగులు పీకేస్తున్నవ్. చీర ఎప్పుడు కావాలె అమ్మా?"

అమ్మ చేతిలో పిండి అట్లాగే ఉంది. దాన్ని మళ్లీ మూటలో పోసింది, ఒక్క రవ్వ కింద పడకుండా. "ఉప్పు లేదు గద సారు దీంట్ల" అంది చివరికి. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. అంత నమ్మకంగా అంది.

ఇంటికొచ్చాక సోమవారం, గురువారం మానేసింది. అవి కాలు కోసం పట్టినవి, కాలు కోసం వదిలింది. తేనె వదిలింది, ఆకు వదిలింది. శనివారం మాత్రం వదలనంది. "అది నా కాలు కోసం మొక్కింది గాదు" అంది. ఆపైన ఎవరు ఏం మాట్లాడినా ఇల్లు ఊడ్చేది, గిన్నెలు తోమేది.

తర్వాతి శనివారం పలారం కూడా లేకుండా ఉత్తనీళ్లు, ఉప్పులేని మజ్జిగతో ఉంది. సాయంత్రం ఎడ్ల కుడితితొట్టి దగ్గర పడిపోయింది. నేను చూసేసరికి తొట్టి అంచు తగిలి నుదురు చిట్లింది. డాక్టరు దగ్గరికి పోతే ఆయనకు ఈసారి కోపం వచ్చింది. ఖాళీ కడుపుతో ఉంటే ఒక చావు, బెల్లం తింటే ఒక చావు అన్నాడు. రోజూ ఒక్కతీరుగా తినాలి, శనివారమైనా సరే. నల్లబడ్డ వేలు ఎట్లాగూ తీసెయ్యాలి, ఆ కోత మానితే కాలు దక్కుతుంది, మానకపోతే లేదు అని తేల్చి చెప్పాడు.

ఆ సాయంత్రం నాయిన తింటుంటే నేను అమ్మతో పేచీ పెట్టుకున్నాను. "మొక్కు నా పేరు మీదిది. ఇగ నేనుంట ఒక్కపొద్దు. నువ్వు తిను" అన్నాను.

"ఎవరి పానం కోసమో వాళ్లే ఉంటే అది మొక్కెట్లయితదే?" అంది అమ్మ. "దొంగే తన జామీను తను పడినట్టు."

ఏడ్చాను. "నీ కాలు పోతే నేను బతికి ఏం జేస్త" అన్నాను. అమ్మ నన్ను చూసింది గాని కరగలేదు. ఆమె భయం వేరే. ఇద్దరు పిల్లల్ని మన్నులో పెట్టిన మనిషి. ఒక కాలు ఇస్తే మూడో బిడ్డ దక్కుతుందంటే, ఇవ్వడానికి సిద్ధమై కూర్చుంది.

నాయిన రొట్టె తింటున్నవాడు ఆగాడు. పళ్లెం పక్కనున్న ఉప్పురాయి తీసి చూసుకున్నాడు. లేచి పోయి ఉప్పుకుండలో వేసి మూత పెట్టి వచ్చాడు.

"శనివారం ఇగ నాది" అన్నాడు.

అమ్మ నవ్వింది. ఎన్నో నెలల తర్వాత నవ్వింది. "నువ్వా? నువ్వు ఒక్కపొద్దు ఉంటే ఎడ్లు గూడ ఊరిడిసి పోతయి."

"పోనీ."

"దేవుడు ఒప్పుకుంటడా? మొక్కింది నేను."

"ఈ పిల్ల నీ ఒక్కదాని బిడ్డనా?" అన్నాడు నాయిన. గొంతు పెంచలేదు. "నా బిడ్డ గాదా? నీ తరపున నువ్వు ఇన్నేండ్లు ఉన్నవ్. ఇగ నా తరపున నేనుంట. దేవుడు అడిగితే నన్ను అడగమను."

అమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది, లేచి ఆయన వదిలేసిన సగం రొట్టె మీద గుడ్డ కప్పింది.

ఆ తర్వాత వచ్చిన శనివారం మధ్యాహ్నం సంగతి చెప్పకుండా ఉండలేను. నాయిన ఒకవైపు గోడకు కూర్చున్నాడు, ముందు పేలపిండి, పాలు. అమ్మ ఎదురుగా, ముందు అరచెయ్యంత రొట్టె, తోటకూర, ఉప్పు వేసిన మజ్జిగ. నేను మధ్యలో. అమ్మ రొట్టె తుంచింది. ఆ ముక్క చేతిలో అట్లాగే పట్టుకుని కూర్చుంది. నాయిన "తిను" అన్నాడు. నోట్లో పెట్టుకుంది. పెట్టుకుని, నా దిక్కు చూసింది.

నమిలింది, మింగింది, మళ్లీ నా దిక్కు చూసింది. ముద్ద ముద్దకూ అంతే. మధ్యలో చెయ్యి చాపి నా నుదురు ముట్టి చూసింది. నాకు నవ్వూ వస్తోంది, భయమూ వేస్తోంది. ఎందుకు దాచాలి, నాకూ భయంగానే ఉంది. ఆమె ఒక్కపొద్దు మీదనే నేను బతుకుతున్నానని ఊహ తెలిసినప్పటి నుంచీ విన్నదాన్ని. ఆ రోజు నేను బావి దగ్గరికి పోలేదు, కొత్త కోడెదూడ దగ్గరికి పోలేదు, ముల్లు ఉంటుందేమోనని పక్కింటివాళ్లు ఇచ్చిన చేపల పులుసు పక్కన పెట్టాను.

"బతికే ఉన్ననే, తిను" అన్నాను అమ్మతో.

ఆమె రొట్టె మొత్తం తిన్నది. మజ్జిగ తాగింది. ఆ తర్వాత సాయంత్రం దాకా నేను ఎటు పోతే అటు కుంటుకుంటూ వెంట వచ్చింది. నాయిన గతి ఇంకా అన్యాయం. తీపి ఆయనకు పడదు. రెండు పిడికిళ్లు పేలపిండి తిని, "ఇది తిని మీరు ఎట్ల బతికిన్రే ఇన్నేండ్లు" అని గొణిగాడు. పొద్దువాలేసరికి ఎడ్లను, కుక్కను, పక్కింటి కోడిని కూడా తిట్టాడు. ఆదివారం తెల్లవారి మొదట చేసిన పని ఉప్పుకుండ మూత తియ్యడం.

ఆ వారమే గద్వాలలో ఆ వేలు తీసేశారు. తీసిన చోట కోత ఎండుతుందా లేదా అని మేం చూసినట్టు ఎవరూ ఏ పంటనూ చూసి ఉండరు. శ్రావణం అంతా తడి ఆరలేదు. అమ్మ శనివారం రొట్టె తింటూ నన్ను చూస్తూనే ఉంది, నేను బతుకుతూనే ఉన్నాను. భాద్రపదంలో ఒకరోజు గాజు గొట్టంలో మందు పచ్చదగ్గర ఆగింది. ఇంకోసారి పోతే నీలంగానే ఉంది, అంచున కొంచెం పచ్చ తప్ప. డాక్టరు ఆ గొట్టాన్ని ఎండలోకి ఎత్తి అమ్మకు చూపించాడు. కట్టు విప్పితే చర్మం మూసుకుని ఉంది, లేత గులాబీ రంగులో.

నాయిన తన సంగతి కూడా డాక్టరును అడిగాడు, శనివారం శనివారం తాను తీపి తింటున్నానని, తనకు కూడా ఆ రోగం పట్టదు కదా అని. డాక్టరు ఆయన మూత్రం కూడా కాచి చూశాడు. నీలం కదలలేదు. "నిన్ను చీమలు గూడ ముట్టవు" అన్నాడు. అదే ఆ డాక్టరు మా ముందు ఆడిన ఒకే ఒక్క పరాచికం.

చిత్త కార్తెలో జొన్న విత్తాం. ఆ పాదానికి పాతగుడ్డ చుట్టుకుని అమ్మ ఒడి కట్టుకుంది. చెప్పు కాదు కదా, గుడ్డే కదా అంది. నాయిన ఎడ్లను మామూలు కంటే నెమ్మదిగా తోలాడు. అమ్మకు తెలిసిపోయింది. "నడువు నడువు, నా కోసం ఆగకు" అంది వెనక నుంచి. నేను గట్టు మీద నిలబడి ఆ చేను ఈ కొస నుంచి ఆ కొసకు ఆమె నడవడం చూశాను. కుంటు ఉంది. చెయ్యి మాత్రం తప్పలేదు. వేలు లేని వైపు కొంచెం ఒరిగి నడిచిందేమో, మొలకలు వచ్చాక సాళ్లు ఒకవైపు రవ్వంత వంగి ఉన్నాయి. ఎవరికీ తెలియదు. మా ముగ్గురికీ తెలుసు.

దీపావళి దాటాక నాయిన ఒక్కడే వెదురు పుట్టిలో ఏరు దాటి కురుమూర్తి జాతరకు పోయాడు, మొక్కు చేతులు మారిందని స్వామికి చెప్పి రావడానికి. ఏం చెప్పావని అమ్మ అడిగితే, "చెప్పిన. ఏమనలే" అన్నాడు.

తర్వాత నేను కాపురానికి పోయాను. అమ్మకు నా ముఖం చూస్తూ తినడం కుదరదు కదా. శనివారం ఏటికి ఆవలి నుంచి పుట్టి దిగి వచ్చేవాళ్లెవరో ఒకరిని పట్టుకుని, "మా బిడ్డ మంచిగుందా" అని అడిగి, ఉందంటే అప్పుడు రొట్టె తినేదట. ఎవరూ రాకపోతే నాయిన కసిరి తినిపించేవాడట. ఆ రెండు కాళ్ల మీద ఆమె ఇంకా చాలా ఏండ్లు నడిచింది. నా పిల్లల్ని ఎత్తుకుని తిరిగింది. పోయింది కూడా ఆ రోగంతో కాదు, ముసలితనంతో. పోయినప్పుడు పాదాలకు పసుపు రాసింది నేనే. ఆ వేలు లేని చోట నా చెయ్యి కాసేపు ఆగింది.

దినాలు అయిపోయిన మొదటి శనివారం నేను పుట్టింట్లోనే ఉన్నాను. నాయినకు అప్పటికి పండ్లు సగం ఊడిపోయాయి, చూపు తగ్గింది. ముసలాయన ఇంకా ఎన్నాళ్లు ఈ ఎండుపిండి నమలాలి అనిపించింది. జొన్నరొట్టె మెత్తగా చేసి, పుంటికూర వేసి, పళ్లెం పక్కన ఒక ఉప్పురాయి పెట్టాను. "నాయినా, ఇగ చాలు. అమ్మ తినాలనే గద నువ్వు మానేసింది. అమ్మ పోయె. ఇగ ఎవరి కోసం? ఉప్పు తిను" అన్నాను.

ఆయన చేత్తో తడిమి ఆ రాయి దొరకబుచ్చుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఎంత ఇష్టమో ఆయనకది. మళ్లీ నా చేతిలో పెట్టాడు.

"మొక్కింది మీ అమ్మ కోసం గాదు గద బిడ్డా" అన్నాడు. "నువ్వింకా ఉన్నవు."

పేలపిండి గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు.